ఉప్పల్ దాటితే చాలు!

కవాడిగూడలో కాపురమున్నవాళ్ళకు వూళ్ళో వింతలు కొత్త కాదు. నాలుగడుగులు వేస్తే హుసేన్‌సాగర్ గట్టు. చార్మినారు, గోలకొండ అంటారా, చుట్టాలు వచ్చినప్పుడల్లా చూపించి చూపించి మనకే విసుగు పుట్టింది. పొద్దున్నే బయలుదేరి రాత్రి భోజనం వేళకు ఇల్లు చేరగల చోటు చెప్పమంటే మాత్రం అందరూ యాదగిరిగుట్ట పేరే చెబుతారు. స్వామిని దర్శించవద్దని నేననను. కాని ఆ దారిలో వున్న భువనగిరిని బస్సు కిటికీలోంచి చూసి, పోచంపల్లికి వెళ్ళకుండా వూరుకోవడమేమిటి?

మా ప్రయాణంలో అసలు కష్టం ఉప్పల్ చేరడమే. ముషీరాబాదు దాటేసరికే పిల్లలు పులిహోర డబ్బా మూత తీశారు. ఉప్పల్ నుంచి బస్సులు దొరుకుతాయి. 2023 డిసెంబరులో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చింది కదా, మా ఇంట్లో టిక్కెట్టు కొన్నది నేనొక్కణ్ణే!

భువనగిరి కొండ అంతా ఒకటే రాయి. సుమారు 500 అడుగుల ఎత్తు, గుడ్డులా నున్నగా వుంటుంది. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు దానిపై కోట కట్టించాడట. త్రిభువనగిరి అన్న పేరే భువనగిరి అయింది. ఎండ ముదరక ముందే ఎక్కి దిగాలి, తరువాత రాయి పెనంలా కాలుతుంది. మోకాళ్ళ నొప్పులవారు కింద నీడన కూర్చోవడమే మంచిది. మా అమ్మ అదే పని చేసింది.

పోచంపల్లి భూదానోద్యమం పుట్టిన వూరు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడగగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చారు. అందుకే అది భూదాన్ పోచంపల్లి అయింది. ఇది మా వాడు బళ్ళో చదివిందే. మా ఆడవాళ్ళ ధ్యాసంతా చీరల మీద!

దుకాణానికి వెళ్ళేముందు ఒక నేతవారి ఇల్లు చూద్దామన్నాను. అక్కడ నూలుకు ముందే రంగులద్ది తరువాత నేస్తారు. రంగు అంటకూడనిచోట దారాలను రబ్బరు ముక్కలతో బిగించి కడతారు. రంగులో ముంచి, విప్పి, మరో రంగు కోసం మళ్ళీ కడతారు. ఇంత చేస్తేగాని మగ్గం మీద పువ్వు విచ్చదు. అంతకుముందు ఆసు పొయ్యాలి. అంటే వంపుగా నిలిపిన మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పడం. ఆ ఇంటి పెద్దావిడ తన భుజం చూపించి, “ఒక్క చీరెకు తొమ్మిదివేలసార్లు చెయ్యి ఆడాలె అమ్మా. రాత్రి బువ్వ తిందామంటే చెయ్యి లేవకపోయేది” అన్నది.

ఇప్పుడు ఆ పని యంత్రం చేస్తున్నది. తల్లి భుజం నొప్పి చూడలేక దాన్ని తయారుచేసినాయన ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం. పెద్ద చదువు లేదు. ఏళ్ళ తరబడి కుస్తీపట్టి 1999లో పూర్తిచేసి, తల్లి పేరే పెట్టాడు - లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. నాలుగైదు గంటల పని గంటన్నరలో అయిపోతున్నదట.

చెప్పిన ధరకు సగం అడగడం మా ఆవిడకు పుట్టింటివారు నేర్పిన విద్య. ఆనాడు మాత్రం చీర తిరగేసి, రెండువైపులా పువ్వు ఒకేలా వుందా అని చూసింది. అచ్చు వేసిన నకలైతే వెనుక వెలవెలబోతుంది. అసలైనదానికి పువ్వు అంచు కొంచెం అలుక్కుపోయినట్టుంటుంది. మా అమ్మ, “తీసుకోవే, ఆ భుజం గుర్తులేదూ?” అన్నది. బేరం లేకుండా డబ్బు చెల్లించాము. నా జేబు సంగతి అడక్కండి.

కొలనుపాక ఇదే రోజు కలపవద్దు. పిల్లలు సొమ్మసిల్లిపోతారు. మరో ఆదివారం సికిందరాబాదులో కాజీపేట వైపు రైలెక్కి ఆలేరులో దిగితే, అక్కడికి కొద్ది మైళ్ళే. జైన మందిరంలో పచ్చరాతి మహావీరుణ్ణి చూసి, సోమేశ్వరాలయం దగ్గర పడివున్న పాత శిల్పాల మధ్య కాసేపు తిరగవచ్చు. వచ్చేటప్పుడు భువనగిరి రాయి రైల్లోంచి కనబడుతుంది. పిల్లలు నిద్రపోతుంటే లేపి చూపించండి.