ఏడుపాయల జాతర చెత్త: మంజీర ఇసుకలో ఏది ఏమవుతుంది?

మెదక్ పట్టణానికి దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో, పాపన్నపేట మండలం నాగ్సాన్‌పల్లి దగ్గర మంజీర నది ఏడు పాయలుగా చీలి మళ్లీ ఒక్కటవుతుంది. ఘనపురం ఆనకట్టకు దిగువన, ఆ పాయల నడుమ రాళ్లలో వనదుర్గా భవాని గుడి ఉంది. ఏటా మహాశివరాత్రికి ఇక్కడ మూడు రోజుల జాతర. మొదటి రోజు ఉపవాసం, జాగారం, రెండో రోజు బండ్ల ఊరేగింపు, మూడో రోజు రథోత్సవం. లక్షల్లో జనం వస్తారు. చాలామంది చెట్ల కింద, రాళ్ల సందుల్లో డేరాలు వేసుకుని, పొయ్యి పెట్టుకుని, రాత్రిళ్లు అక్కడే గడుపుతారు. మూడు రోజుల పాటు అక్కడొక ఊరే వెలుస్తుంది. ఊరికుండే మోరీలు, పెంటకుప్పలు మాత్రం దానికి ఉండవు.

శివరాత్రి మాఘమాసంలో, అంటే ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో వస్తుంది. అప్పటికి వానలు వెళ్లిపోయి నెలలు గడుస్తాయి. పాయల్లో నీరు సన్నబడి, చాలాచోట్ల మడుగులుగా నిలిచిపోతుంది. పారే నది తనలో పడిన మురికిని ఎంతోకొంత పలుచన చేసుకుంటుంది, గాలి నుంచి ఆక్సిజన్ తీసుకుంటుంది. నిలిచిన మడుగుకు ఆ శక్తి తక్కువ. 30 డిగ్రీల వేడిమిలో లీటరు నీటిలో కరిగి ఉండగల ఆక్సిజన్ దాదాపు ఏడున్నర మిల్లీగ్రాములే. అన్నం, కూర, పేగులు, రక్తం వంటివి నీటిలో పడితే వాటిని తినే సూక్ష్మజీవులు ఈ కాస్త ఆక్సిజన్‌నే వాడుకుంటాయి.

మొక్కు తీర్చుకునేవారు మేకలు, కోళ్లు కోసి అక్కడే వండుకు తింటారు కాబట్టి రక్తం సంగతి విడిగా చెప్పాలి. లీటరు రక్తం పూర్తిగా కుళ్లడానికి లక్షన్నర మిల్లీగ్రాములకు తక్కువ కాకుండా ఆక్సిజన్ కావాలి. పై లెక్క ప్రకారం అది 20,000 లీటర్ల నీటిలో ఉన్న ఆక్సిజన్ మొత్తానికి సమానం. ఒక మేకపోతును కోస్తే కారేది దాదాపు లీటరు. చేపలు బతకాలంటే లీటరుకు నాలుగైదు మిల్లీగ్రాములైనా ఉండాలి గనక, ఒడ్డున కోసి మడుగులో కడిగితే ముందు చచ్చేది చేపలే. ఆ తర్వాత ఆక్సిజన్ లేకుండా బతికే సూక్ష్మజీవులు పెరుగుతాయి. జాతర ముగిశాక నీటికి పట్టే కంపు వాటి నుంచి వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుది. కోత ఎక్కడ జరగాలో ముందే నిర్ణయించి, నీటికి దూరంగా మట్టినేల మీద, రక్తం ఇంకేలా ఊకో రంపపు పొట్టో పోసి ఉంచడం అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త.

తిండి చెత్త పారేయదగ్గది కాదు, మంచి ఎరువుకు ముడిసరుకు. ఎరువు సరిగా మాగాలంటే కుప్పలో నత్రజని ఒక పాలుంటే కర్బనం 25 నుంచి 30 పాళ్లుండాలి, తేమ సగానికి కాస్త పైన ఉండాలి. మిగిలిన కూర, పేగుల్లో నత్రజని ఎక్కువ. మోదుగాకు విస్తళ్లు, ఎడ్లకు వేయగా మిగిలిన వరిగడ్డిలో కర్బనం ఎక్కువ. బండ్లెడ్ల పేడలో సూక్ష్మజీవులుంటాయి. అంటే కావలసినవన్నీ జాతరలోనే దొరుకుతాయి. వీటిని పొరలు పొరలుగా పేర్చితే కుప్ప లోపల వేడి 55 డిగ్రీలు దాటుతుంది. తిరగేస్తూ ఆ వేడిని రెండు వారాలు నిలిపితే రోగకారక క్రిములు చాలావరకు చస్తాయి. వాసన రాకూడదని ఈ కుప్ప మీద బ్లీచింగ్ పౌడర్ చల్లితే పనిచేసే సూక్ష్మజీవులే చచ్చి ఎరువు మాగడం ఆగిపోతుంది.

ఈ కుప్పలో ఒక్క ప్లాస్టిక్ పొరైనా కలవకూడదు. కాగితం గ్లాసును చూసి కాగితమే కదా అనుకుంటారు గానీ, దాని లోపల సన్నని పాలిథీన్ పూత ఉంటుంది. కాగితం కుళ్లినా పూత మిగిలిపోతుంది. అందుకే వేరు చేయడం డేరా దగ్గరే జరగాలి. కూర అంటిన కవరును తర్వాత ఎవరూ కడిగి అమ్మలేరు. ఒక్కో డేరాకు ఎంగిలి విస్తళ్లు, మిగిలిన తిండి వేసే గంప ఒకటి, సీసాలూ కవర్లూ వేసే సంచి ఒకటి ఉంటే చాలు. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. వంద మందికి మించి కూడే కార్యక్రమాన్ని నడిపేవారు కనీసం మూడు పనిదినాల ముందే స్థానిక సంస్థకు తెలపాలనీ, చెత్తను అక్కడికక్కడే వేరు చేయించాలనీ 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెప్పాయి.

కాల్చడం, ఇసుకలో పూడ్చడం సులువుగా తోస్తాయి. రెండూ తప్పే. పొయ్యి మంటకు ప్లాస్టిక్ పూర్తిగా కాలేంత వేడి ఉండదు. మసి, కార్బన్ మోనాక్సైడ్, పీవీసీ ఉంటే డయాక్సిన్లు కూడా పక్క డేరాల పిల్లల ఊపిరిలోకి వెళ్తాయి. ఇసుకలో పాతిన దాన్ని కుక్కలు తవ్వుతాయి, లేదా వరద తవ్వుతుంది. ఎగువనున్న సింగూరు జలాశయం గేట్లు ఎత్తినప్పుడు ఘనపురం ఆనకట్ట పొంగి గుడి ముందు నీళ్లు నిలిచే సంవత్సరాలు చాలానే ఉంటాయి. ఆ నీళ్లు దిగువన 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయానికి చేరతాయి. ఇసుకలో వదిలిన కవరు కూడా అక్కడికే.

అందుకే ఏరివేతకు గడువు ఉంది. జాతర తర్వాత ఎండలు ముదురుతాయి. అతినీల లోహిత కిరణాలకు పాలిథీన్ పెళుసెక్కి, ఇసుక రాపిడికి ముక్కలవుతుంది. మొదటి వారంలో ఒక చేత్తో ఏరగలిగిన కవరు జూన్ నాటికి ఎవరూ ఏరలేని రవ్వలుగా మారవచ్చు. రథోత్సవం ముగిసిన మర్నాడే జనం వరుసగా నిలబడి, నీటి అంచున మొదలుపెట్టి గట్టు వైపు నడుస్తూ ఏరడం సరైన పద్ధతి. వానొస్తే ముందుగా కొట్టుకుపోయేది అంచున ఉన్నదే. గాజు పెంకులను గోనెసంచుల్లో కాకుండా డబ్బాల్లో వేయాలి. ఎరువు కుప్పలు మాత్రం వరద అందని మెరక మీద ఉండాలి. శివరాత్రికి పేర్చిన కుప్ప రెండు మూడు నెలలకు మాగుతుంది, మృగశిర కార్తెలో ఘనపురం ఆయకట్టు రైతులు నారుమళ్లు దున్నే వేళకు చల్లడానికి సిద్ధంగా ఉంటుంది.