‘ఏ ఆయిల్ మంచిది?’ అని కస్టమర్ అడిగితే...

ఆటోమొబైల్ ఇంటర్వ్యూ అనగానే మెకానికల్ విద్యార్థులు థర్మోడైనమిక్స్ పుస్తకం ముందేసుకుంటారు. తీరా ఎదురుగా కూర్చున్నాయన ‘మీరే బండి నడుపుతారు? అందులో ఏ ఆయిల్ పోయిస్తారు?’ అని అడిగితే? బండి పేరు ఠక్కున వస్తుంది. ఆయిల్ దగ్గరకొచ్చేసరికి ‘షోరూంలో వాళ్లే పోస్తారు సార్’ అంటారు. సర్వీస్ అడ్వైజర్ ఉద్యోగానికి వెళ్లి ఈ మాట అంటే, ఆ పోసేవాళ్లకి చెప్పాల్సింది మీరే కదా అని ఆయన అనుకోరూ?

ఒక సందర్భం ఊహించుకోండి. మీరు సర్వీస్ సెంటర్‌లో ఉన్నారు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, అదీ 2016లో వచ్చిన 411 సీసీ మోడల్, తెచ్చిన కుర్రాడు ‘వచ్చే నెల లేహ్ వెళ్తున్నా. అక్కడ చలి కదా, పల్చటి ఆయిల్ పోయండి. ఇంట్లో కారు కోసం కొన్న ఫుల్ సింథటిక్ డబ్బా ఉంది, అది పోసినా ఓకేనా?’ అంటాడు. హైదరాబాద్ నుంచి రానూపోనూ 5,000 కిలోమీటర్ల పైమాటే. మీ జవాబు తప్పైతే నష్టపోయేది అతనే, అదీ మెకానిక్ దొరకని ఘాట్ రోడ్డులో.

ముందు చలి సంగతి. ఆ బండికి కంపెనీ చెప్పే గ్రేడ్ 15డబ్ల్యూ-50. డబ్ల్యూ అంటే వెయిట్ కాదు, వింటర్. 15డబ్ల్యూ అని రాయాలంటే ఆ నూనె మైనస్ 20 డిగ్రీల దగ్గర కూడా ఇంజిన్ స్టార్ట్ కానిచ్చేంత పల్చగా ఉండాలి. మన లంబసింగిలో సున్నాకి దగ్గరగా వస్తేనే వార్త అవుతుంది. బైకర్లు వెళ్లే జూన్-సెప్టెంబరు నెలల్లో లడఖ్‌లోనూ మైనస్ 20 ఉండదు. కాబట్టి చలి పేరుతో గ్రేడ్ మార్చక్కర్లేదు. ఇక రెండో అంకె, 50, ఇంజిన్ వేడెక్కాక ఉండే చిక్కదనం. 100 డిగ్రీల దగ్గర 16.3 నుంచి 21.9 సెంటీస్టోక్‌ల మధ్య ఉంటే 50, 9.3 నుంచి 12.5 మధ్య ఉంటే 30. రెంటచింతల ఎండలో, రామగుండం ఎండలో పనికొచ్చేది ఈ అంకే. ఎయిర్ కూల్డ్ ఇంజిన్‌లో ఆయిల్ రాపిడి తగ్గించడమే కాదు, వేడినీ లాగేయాలి. హిమాలయన్ 411కి ఆయిల్ కూలర్ పెట్టింది అందుకే.

ఇంజినీరింగ్ మొదటి ఏడాది కెమిస్ట్రీలో లూబ్రికెంట్స్ పాఠం, ల్యాబ్‌లో రెడ్‌వుడ్ విస్కోమీటర్ ప్రయోగం చాలామంది చేసే ఉంటారు. స్టాప్‌వాచ్ పట్టుకుని నూనె కారడం చూసి, రికార్డు రాసి మర్చిపోయిన ఆ ప్రయోగమే డబ్బా మీద అంకెగా కనిపిస్తోందని గుర్తిస్తే సగం ఇంటర్వ్యూ గట్టెక్కినట్టే.

అసలు మెలిక కారు ఆయిల్ దగ్గరుంది. కారులో క్లచ్ ఇంజిన్ ఆయిల్‌కి దూరంగా, పొడిగా ఉంటుంది. గేర్ల బండ్లలో ఎక్కువ భాగం అలా కాదు. ఇంజిన్‌కీ, గేర్‌బాక్స్‌కీ, క్లచ్‌కీ ఒకటే ఆయిల్. క్లచ్ ప్లేట్లు అందులోనే మునిగి ఉంటాయి. ప్లేట్లు పట్టుకోవాలంటే రాపిడి కావాలి. మైలేజీ కోసం చాలా కారు ఆయిళ్లలో రాపిడిని ఇంకా తగ్గించే రసాయనాలు కలుపుతారు. అది బైక్‌లో పోస్తే క్లచ్ జారుతుంది. ఊళ్లో తిరిగినంతసేపూ తెలియకపోవచ్చు. వెనక మనిషి, సంచులు, ఎదురుగా ఎత్తు... అప్పుడు ఇంజిన్ రొద పెరుగుతుంది, బండి వేగం మాత్రం పెరగదు. ఇంకా లాగిస్తే ప్లేట్లు కాలిపోతాయి.

ఈ గొడవ తేల్చడానికే జపాన్ వాళ్లు 1998లో జాసో ప్రమాణం తెచ్చారు. డబ్బా మీద ఎంఏ, ఎంఏ1, ఎంఏ2 అని ఉంటే తడి క్లచ్ బండ్లకి. ఎంఏ2లో పట్టు ఎక్కువ, హిమాలయన్‌కి కావాల్సింది అదే. ఎంబీ అంటే రాపిడి తక్కువ, యాక్టివా లాంటి గేర్లు లేని స్కూటర్లకి. పక్కనే ఏపీఐ ఎస్ఎల్, ఎస్ఎన్ అని ఉండేది పెట్రోల్ ఇంజిన్ ఆయిల్ తరం. ఎస్ తర్వాతి అక్షరం ముందుకెళ్లేకొద్దీ కొత్త తరం. సీ అక్షరంతో మొదలైతే డీజిల్‌ది. మినరలా, సింథటికా అన్న చర్చకి కుర్రాళ్లు గంటలు ఖర్చు పెడతారు గానీ, నా లెక్కలో గ్రేడు, జాసో సరిపోయాకే దాని వంతు. ఖరీదైన డబ్బా అన్ని బండ్లకీ మంచిదేం కాదు.

ఆయిల్ మార్చి ఫిల్టర్ వదిలేయమనే కస్టమర్లు ఎదురవుతారు. ఫిల్టర్ మూసుకుపోతే చాలా ఇంజిన్లలో బైపాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. అసలు ఆయిల్ అందకపోవడం కంటే మురికి ఆయిల్ నయమని ఆ ఏర్పాటు. అంటే కొత్త ఆయిల్ కూడా వడకట్టకుండానే బేరింగుల్లోకి పోతుంది. ఫిల్టర్‌తో పాటు ఓ-రింగులు, డ్రెయిన్ బోల్ట్ వాషర్ కూడా కొత్తవి వేయాలి. స్ప్లెండర్ లాంటి 100 సీసీ బండిలో పేపర్ ఫిల్టర్ వెతక్కండి. అక్కడుండేది జాలీ, గిర్రున తిరుగుతూ మురికిని అంచుకి నెట్టే సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్.

లడఖ్ దుమ్ములో ముందుగా దెబ్బతినేది ఎయిర్ ఫిల్టర్. పేపర్ ఫిల్టర్‌ని పెట్రోల్‌తో కడగడం, నూనె పట్టించి వచ్చే రకాన్ని గాలి కొట్టి మళ్లీ బిగించడం షెడ్లలో కనిపించే అలవాట్లే. రెండూ తప్పు. పాతది పారేసి కొత్తది వేయాలి. ఆయిల్ కూడా ‘ఇంకొంచెం పోద్దాం’ అనకూడదు. ఎక్కువైతే నురగ కట్టి, బ్రీదర్ గొట్టం గుండా వచ్చి అదే ఎయిర్ ఫిల్టర్‌ని తడిపేస్తుంది. బండిని నిటారుగా నిలబెట్టి, మాన్యువల్ చెప్పిన పద్ధతిలో లెవెల్ చూడాలి. బయల్దేరేముందు ఆయిల్ మార్చి, ఊళ్లోనే రెండు మూడొందల కిలోమీటర్లు తిప్పి, కారుతుందేమో చూసుకోమని ఆ కుర్రాడికి చెప్పండి. దారిలో పోసుకోడానికి అదే గ్రేడు అర లీటరు వెంట ఉంచుకోమనండి.

ఈ పరిజ్ఞానం షోరూం ఉద్యోగానికే కాదు. ఆయిల్ కంపెనీలకి గ్యారేజీలు తిరిగే సేల్స్ ఇంజినీర్లు కావాలి, ల్యాబుల్లో చిక్కదనం, ఫ్లాష్ పాయింట్ పరీక్షించే కెమిస్ట్రీ పట్టభద్రులు కావాలి. డిప్లొమా, బీటెక్ పూర్తయినవారు నాట్స్ పోర్టల్‌లో ఏడాది అప్రెంటిస్‌షిప్‌కి, ఐటీఐ వారు నాప్స్ ద్వారా ప్రయత్నించవచ్చు. వెళ్లేముందు మీ సొంత బండి మాన్యువల్ తెరిచి గ్రేడు, జాసో, ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోమీటర్లకి అన్న నాలుగూ చూసుకోండి. ‘తీసిన పాత ఆయిల్ ఏం చేస్తారు?’ అన్న ప్రశ్నకీ సిద్ధంగా ఉండండి. డ్రైనేజీలో పోస్తామంటే కుదరదు. 2016 నాటి నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. డ్రమ్ములో పట్టి, అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి.