పాత పింగాణీ, మన పులుసు

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ సందుల్లో పాత డాబాలు అపార్ట్‌మెంట్లవుతున్న కొద్దీ అటకల మీది రంగుల పింగాణీ బయటికొస్తోంది. అలాంటివి కొనాలనే సరదా ఉంటే దారి దగ్గరే. 2020 ఫిబ్రవరిలో మొదలైన జేబీఎస్–ఎంజీబీఎస్ మెట్రోలో చిక్కడపల్లి తర్వాత నారాయణగూడ, ఆ పక్కదే సుల్తాన్‌బజార్. అక్కడ దిగి ఆటో ఎక్కితే జుమ్మేరాత్ బజార్. పాత సామాన్ల సంత గురువారం.

గులాబీల సాసరు, పసుప్పచ్చ గిన్నె కనపడగానే మనసు లాగేస్తుంది. అందులో తింటారా, అలమరలో పెడతారా అన్నది మాత్రం బేరానికి ముందే తేల్చుకోవాలి. పాతకాలం మెరుపు పూతల్లో సీసం, ఎరుపు, పసుపు రంగుల్లో కాడ్మియం వాడటం మామూలే. అమెరికా ఆహార, ఔషధ సంస్థ పద్ధతిలో పాత్ర నిండా 4 శాతం ఎసిటిక్ ఆమ్లం పోసి 24 గంటలు ఉంచుతారు. అందులోకి దిగిన సీసం పళ్ళేనికైతే మిల్లీలీటరుకు 3 మైక్రోగ్రాములు, టీ కప్పుకైతే 0.5 దాటకూడదు. సీసం ఇంత వరకైతే ఫరవాలేదనే మోతాదేదీ తేలలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలకు మరీ ప్రమాదం.

ఇక మన వంటిల్లు. చింతపండు పులుసు, నిమ్మకాయ పప్పు, టమాటా పచ్చడి, అన్నీ పులుపే. పరీక్ష 24 గంటలు. మన పచ్చడి గిన్నెలో వారాల తరబడి ఉంటుంది. కాబట్టి పాత రంగుల గిన్నెలో పులుపు వద్దే వద్దంటాను. పూత చెక్కుచెదరకుండా ఉంటే జంతికలు కాసేపు వడ్డించుకోవచ్చు. అమ్మమ్మల నాటి ఆవకాయ జాడీ దారి వేరు: 1200 డిగ్రీల వేడిలో కాల్చే అలాంటి జాడీల పూతకు సీసంతో పనిలేదు.

కొట్లో పళ్ళేన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. పువ్వు మీద వేలు రాస్తే ఉబ్బెత్తుగా తగిలితే, ఆ రంగు పూత పైన వేసినదే. అక్కడక్కడ మెరుపు పోయి మసకబారి ఉంటే, ఆ రంగు కొంత ఎవరో తినేశారన్నమాట. దాన్ని గోడకు తగిలించుకోవడానికే కొనండి. కప్పుకైతే లోపల తెలుపు, బయట రంగు మేలు. ఆ రంగు కూడా పెదవి తగిలే అంచుకు 20 మిల్లీమీటర్ల కిందే ఆగాలి.

ఆఖరున గోటితో మెల్లగా కొట్టండి. ఖంగుమనకుండా మొద్దు చప్పుడొస్తే ఎక్కడో బీట ఉన్నట్టే, ధర ఎంత తగ్గించినా వదిలేయండి.