గేమ్స్ పీరియడ్: 'నువ్వు పక్కన కూర్చో' అనొద్దు.. రూల్స్ కాస్త మారిస్తే క్లాసంతా ఆడొచ్చు!

గేమ్స్ పీరియడ్ బెల్ మోగితే క్లాసంతా గ్రౌండ్‌లోకి పరుగు తీస్తుంది. కానీ చాలా స్కూళ్లలో ఒకరిద్దరు పిల్లలు మాత్రం చెట్టు కిందే ఉండిపోతారు. సరిగ్గా వినపడనివాళ్లు, చూపు తక్కువగా ఉన్నవాళ్లు, వీల్‌చెయిర్ వాడేవాళ్లు, చెప్పింది అర్థం చేసుకోవడానికి కాస్త ఎక్కువ టైమ్ పట్టేవాళ్లు.. వీళ్లకు స్కోర్ రాయడమో, బ్యాగులు చూడటమో అప్పజెప్పేస్తారు. దెబ్బ తగిలితే ఎలా అన్న భయమే దీనికి ముఖ్య కారణం. అయితే ఆ పిల్లలకు దూరమయ్యేది ఒక్క ఆటే కాదు. వ్యాయామం, స్నేహాలు, 'నేనూ చేయగలను' అన్న ధైర్యం కూడా దూరమవుతాయి.

చట్టం ఏం చెబుతోంది?

ఇది దయతో ఇచ్చే అవకాశం కాదు, హక్కు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. మొత్తం 21 రకాల వైకల్యాలను ఇందులో చేర్చారు. ఆటిజం, మేధో వైకల్యం, డిస్లెక్సియా లాంటి అభ్యసన ఇబ్బందులు కూడా ఉన్నాయి. చదువుతో పాటు ఆటలు, వినోద కార్యక్రమాల్లోనూ మిగతావారితో సమానంగా అవకాశం ఉండాలని సెక్షన్ 16 చెబుతోంది. క్రీడల కోసం సెక్షన్ 30 ప్రత్యేకంగా ఉంది.

నాలుగు మార్పులు చాలు

మారాల్సింది పిల్లలు కాదు, ఆట. దీనికోసం చాలా దేశాల్లో పీఈటీలు 'స్టెప్' అనే పద్ధతి వాడుతున్నారు. స్పేస్, టాస్క్, ఎక్విప్‌మెంట్, పీపుల్ అనే నాలుగు ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలతో వచ్చిన పేరిది.

స్థలం: కోర్టు చిన్నది చేయాలి. లేదా ఒక్కొక్కరికి ఒక్కో దూరంలో గీత గీయాలి. సిట్టింగ్ వాలీబాల్‌లో జరిగేది ఇదే. కోర్టు 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పే ఉంటుంది. నెట్ ఎత్తు పురుషులకు 1.15 మీటర్లు, మహిళలకు 1.05 మీటర్లు.

పని: ఆటను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టాలి. బంతి పట్టుకోలేని పిల్లాడు ముందు దొర్లించొచ్చు, తర్వాత విసరొచ్చు.

సామగ్రి: మెత్తని బంతి, పెద్ద బంతి, ముదురు రంగు బంతి, చప్పుడు చేసే బంతి. అంధుల క్రికెట్‌లో ప్లాస్టిక్ బంతి లోపల గుళ్లు ఉంటాయి. ఆ చప్పుడు విని బ్యాట్ ఊపుతారు. అసలు చూపులేని బ్యాటర్ తీసే ప్రతి పరుగునూ రెండుగా లెక్కిస్తారు.

మనుషులు: టీమ్‌లు చిన్నవిగా ఉండాలి. ఒక ఫ్రెండ్‌ని జోడీగా పెట్టాలి. కానీ జోడీ పిల్లాడు సాయం చేయాలే తప్ప, వాళ్ల వంతు ఆట కూడా తనే ఆడేయకూడదు.

ఎవరికి ఏం అవసరం?

వినికిడి సమస్య ఉన్నవాళ్లకు విజిల్ పనికిరాదు. రంగు జెండానో, చెయ్యెత్తడమో గుర్తుగా పెట్టుకోవాలి. టీచర్ అటు తిరిగి కాకుండా, ముఖం కనిపించేలా మాట్లాడాలి.

ఆటిజం ఉన్న కొందరు పిల్లలకు అదే విజిల్ భరించలేని శబ్దం. ఈ రోజు ఏం ఆడబోతున్నామో బొమ్మలతో ముందే చూపిస్తే కంగారు తగ్గుతుంది.

ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు పొడవాటి లైన్‌లో తమ వంతు కోసం నిలబడటం కష్టం. పది మందికో లైన్ బదులు ముగ్గురికో బంతి ఇస్తే అందరికీ ఎక్కువసేపు ఆట దొరుకుతుంది.

మేధో వైకల్యం ఉన్నవాళ్లకు చెప్పడం కంటే చేసి చూపించడం ముఖ్యం. ఒకసారికి ఒక్క సూచనే ఇవ్వాలి.

మార్కులు వేసేటప్పుడు పక్క పిల్లలతో పోల్చకుండా, పోయిన నెల కంటే ఎంత మెరుగయ్యారో చూడాలి.

జాగ్రత్తలు మరవొద్దు

అందరినీ ఆడించడం అంటే జాగ్రత్త వదిలేయడం కాదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరిలో మెడ ఎముకల కీలు వదులుగా ఉంటుంది. డాక్టర్ సలహా లేకుండా పిల్లిమొగ్గలు, తలతో బంతి కొట్టే ఆటలు వద్దు. ఫిట్స్ ఉన్న పిల్లలు ఈతకు దిగితే పక్కన ఒక పెద్దవారు కచ్చితంగా ఉండాలి.

అవకాశం ఇస్తే ఏమవుతుంది?

వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి ఇందుకు పెద్ద ఉదాహరణ. మేధో వైకల్యం ఉన్న దీప్తిలోని వేగాన్ని స్కూల్లో ఉన్నప్పుడే పీఈటీ గుర్తించారు. ఆమె 2024 పారిస్ పారాలింపిక్స్‌లో మహిళల 400 మీటర్ల టీ20 విభాగంలో కాంస్యం గెలిచారు. అందరూ దీప్తిలు కాకపోవచ్చు. కానీ గ్రౌండ్‌లోకి రానివ్వకపోతే ఎవరు ఏం చేయగలరో తెలిసే అవకాశమే ఉండదు.

తల్లిదండ్రులు ఏం చేయాలి?

గేమ్స్ పీరియడ్‌లో ఏం చేశావని పిల్లల్ని అడగండి. కూర్చున్నానని చెబితే పీఈటీని కలవండి. గొడవకు వెళ్లినట్టు కాకుండా.. మీ బిడ్డ ఏం చేయగలదో, దేనికి భయపడుతుందో, డాక్టర్ ఏం వద్దన్నారో కాగితం మీద రాసి ఇవ్వండి. తెలుగు రాష్ట్రాల్లో సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాల్లోని ఐఈఆర్పీల సాయం కూడా తీసుకోవచ్చు. అన్ని ఆటలూ ఒకేసారి మార్చమని అడగనక్కర్లేదు.. వచ్చే వారం పీరియడ్‌లో ఒక్క ఆటతో మొదలుపెట్టమనండి.