మోటారుసైకిలుపై రంగు లేచిన చోట్లను చక్కదిద్దు విధము

నేడు మన విద్యార్థుల యిండ్లలో ననేకములయందు మోటారుసైకిలు గలదు. తండ్రి పనికి పోవుటకును, పాలు కూరగాయలు అంగడికి చేర్చుటకును అదియే యాధారము. అట్టి వాహనముపై గులకరాయి తగిలియో, తాళపుచెవుల గుత్తి రాచికొనియో ఆవగింజంత రంగు లేచిపోయినచో నెవరును లక్ష్యపెట్టరు. అందము కొంచెము తగ్గెననుకొందురు. నిజమునకు తగ్గినది రేకునకున్న రక్షణ. ఈ విషయమును మా విద్యార్థులకు కొంత వివరింపగోరుచున్నాము.

ఉక్కురేకుపై పూత సాధారణముగా మూడు పొరలుగా నుండును: రేకు నంటిపట్టుకొను ప్రైమరు, దానిపై రంగు, అన్నిటికి పైని పారదర్శకమైన మెరుగుపూత. ఈ మూడును తెగి లోహము బయటపడినచోట గాలిలోని ప్రాణవాయువును, తేమయు గలిసి యినుమును తుప్పుగా మార్చును. తుప్పు తాను పుట్టిన యినుముకంటె నెక్కువ చోటు నాక్రమించును. కావున ప్రక్కనున్న మంచి రంగును సహితము క్రిందినుండి పైకెత్తి, పొక్కులు పుట్టించి వ్యాపించును. ఉప్పు ఈ క్రియను త్వరపరచును గనుక కాకినాడ, మచిలీపట్టణము వంటి సముద్రతీరపు టూళ్లవారు మరింత జాగరూకులై యుండవలెను.

మొదట అయస్కాంతము నంటించి చూడుడు. అంటుకొనినచో నది ఉక్కు. అంటనిచో ప్లాస్టిక్కో అల్యూమినియమో కావచ్చును. వానికి ఎఱ్ఱతుప్పు పట్టదు గనుక తొందర లేదు.

వానలేని దినమున, నీడయందు, ఇంజను చల్లారిన పిదప ఆ చోటును సబ్బునీటితో కడిగి పూర్తిగా ఆరనిండు. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన గుడ్డతో జిడ్డును తుడువుడు. పెట్రోలు ట్యాంకు చెంత దీపము గాని, నిప్పు గాని యుండరాదు. తుప్పు కనబడినచో సన్నని గరుకుకాగితపు తునకను పుల్లకొనకు చుట్టి, లోహము మెఱయువరకు ఆ చోటు మాత్రమే రుద్ది, ధూళి తుడిచివేయుడు. పిమ్మట ప్రైమరు చుక్క నుంచి యారనిండు.

ఎరుపు, నీలము అని చెప్పి రంగు కొనరాదు. వాహనముపై చీటీలో గాని, దానితో వచ్చిన పుస్తకములో గాని రంగు సంకేతమున్నచో దానినిబట్టి కొనవలెను. పంటిపుల్ల కొనతో రంగు నద్ది, అంచులు దాటకుండ గుంట మధ్య నుంచుడు. ఒక్కసారే మందముగా పెట్టిన రంగు పైన నారినను లోపల మెత్తగా నుండును. కావున పలుచగా రెండు మూడు మారులు, ప్రతిమారును ఆరనిచ్చి పెట్టి, కడపట మెరుగుపూత నుంచవలెను. కొన్ని దినముల పిదప 2000 నంబరు నీటికాగితమును తడిపి మెల్లగా రుద్ది చదును చేయువారును గలరు. చేయి తిరుగనివారు దీనిని మానుట మేలు, ఏలయన చుట్టునున్న మంచి పూత పలుచబడును.

పొక్కులు విస్తరించినను, ట్యాంకు చెమర్చినను పనివానియొద్దకు తీసికొనిపోవలెను.

తుప్పుపై రంగు పూసి దాచుట అరనిమిషపు పని. కాని తుప్పు దాని క్రిందనే పెరుగుచుండును. రంగు పెట్టుటకంటె ముందు శుభ్రముచేయుటయే ఇందలి ముఖ్యకార్యమని మా విద్యార్థులు గ్రహింతురు గాక.