ఎనిమిదేళ్లప్పుడు ఎవరు గెలిచారు?

ఐపీఎల్ నడిచే రోజుల్లో నంద్యాలలో బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగండి. నలభై కిలోమీటర్ల దారిలో పసుపు, ఎరుపు, నారింజ మూడు రంగుల జెర్సీలూ కనిపిస్తాయి. టీ కొట్టు దగ్గర ధోనీ నంబర్ 7, పెట్రోలు బంకులో కోహ్లీ 18, హైవే పక్కన శిల్పుల షెడ్లలో రాతి దుమ్ము పట్టిన సన్‌రైజర్స్ టీషర్టు.

తమాషా ఏంటంటే, ఈ మూడు ఊళ్లలో ఒక్కటీ మనది కాదు. చెన్నై తమిళనాడుది, బెంగళూరు కర్ణాటకది. హైదరాబాద్ అందామంటే 2014 జూన్ 2 నుంచి అదీ పక్క రాష్ట్రమే. ఆంధ్రప్రదేశ్ పేరు మీద ఐపీఎల్‌లో ఇప్పటిదాకా జట్టే లేదు. 2022లో ఆంధ్రా ప్రీమియర్ లీగ్ మొదలైనప్పుడు రాయలసీమ కింగ్స్ అని ఒకటి వచ్చింది గానీ, మా వీధిలో దాని జెర్సీ నేనింకా చూడలేదు.

అమెరికాలో బేస్‌బాల్‌కి ఈ తంటా లేదు. బోస్టన్‌లో పుట్టినోడు రెడ్ సాక్స్ అంటాడు, షికాగో ఉత్తరం వైపు పుట్టినోడు కబ్స్ అంటాడు. ఊరే జట్టుని ఇచ్చేస్తుంది. మనకి ఊరు ఇవ్వలేదు, మనమే ఎంచుకోవాలి. ఎంచుకున్నాక మాత్రం ప్రాణం పోయినా మారం. పార్టీలు మారిన నాయకుల్ని మన జిల్లా చాలామందినే చూసింది. జట్టు మారినోణ్ని చూపించండి చూద్దాం!

ఈ ఎంపిక ఎప్పుడు, ఎలా జరుగుతుందనేది నన్ను చాలాకాలంగా తొలిచేస్తున్న ప్రశ్న. బేస్‌బాల్ వాళ్ల దగ్గర దీనికి ఒక జవాబుంది. సేత్ స్టీఫెన్స్-డేవిడోవిట్స్ అనే డేటా పరిశోధకుడు 2014లో న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాశాడు. ఏ వయసు వాళ్లు ఏ బేస్‌బాల్ జట్టుని ఫేస్‌బుక్‌లో లైక్ చేశారో లెక్కలు తీశాడు. న్యూయార్క్ మెట్స్ జట్టుకి 1962, 1978 ప్రాంతాల్లో పుట్టిన మగవాళ్లలో అభిమానులు మామూలు కంటే ఎక్కువగా తేలారు. ఎందుకంటే మెట్స్ కప్పు కొట్టింది 1969లో, 1986లో. అప్పటికి వాళ్లకి ఏడెనిమిదేళ్లు. పిల్లాడికి ఎనిమిదేళ్లున్నప్పుడు ఎవరు గెలిస్తే, జీవితాంతం వాళ్లే వాడి జట్టు అయ్యే అవకాశం ఎక్కువ. ఇరవై ఏళ్లప్పుడు చూసిన గెలుపు అంత గట్టిగా అతుక్కోదు.

చదవగానే మా డిగ్రీ వాట్సాప్ గ్రూపులో, చుట్టాల గ్రూపులో ఒకే ప్రశ్న పడేశా: నీ జట్టేది, నువ్వు పుట్టిందెప్పుడు? దీన్ని సర్వే అనుకోకండి, ఇరవై మంది జవాబిస్తే ఎక్కువ. అయినా కొన్ని భలే కుదిరాయి. 2002, 2003లో పుట్టినోళ్లు ముగ్గురు చెన్నై. 2010, 2011లో వరసగా కప్పు కొట్టింది చెన్నైయే కదా. మా పెద్దమ్మ చిన్నకొడుకు 2008లో పుట్టాడు, వాడు సన్‌రైజర్స్‌కి వీరభక్తుడు. 2016 మే 29న బెంగళూరులోనే బెంగళూరుని 8 పరుగులతో ఓడించి వార్నర్ కప్పు ఎత్తినప్పుడు వాడికి సరిగ్గా ఎనిమిదేళ్లు. 2024 ఫైనల్లో 113 పరుగులకే ఆలౌటైన రాత్రి వాడు అన్నం తినలేదు. "ఊరుకోరా, ఆటే గదా" అన్న పాపానికి పెద్దమ్మతో రెండు రోజులు మాట్లాడలేదు.

నా కథ ఇంకోరకం. నేను 2001. నా ఎనిమిదో ఏట, 2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో గిల్‌క్రిస్ట్ కప్పు ఎత్తాడు. డెక్కన్ చార్జర్స్! అంతకుముందు ఏడాది పద్నాలుగు మ్యాచుల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచిన జట్టు. ఫైనల్లో కొట్టింది 143, బెంగళూరుని ఆపింది 137 దగ్గర. ఆర్పీ సింగ్ పేరు నేను నోట్‌బుక్ అట్టల మీద రాసుకున్నా. రోహిత్ శర్మ అప్పుడు మనోడే, ఆ ఏడాది ముంబై మీద హ్యాట్రిక్ కూడా తీశాడు. ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు, స్కోరుకార్డు తీసి చూపించాల్సిందే.

మూడేళ్లకి జట్టే మాయమైంది. 2012లో బీసీసీఐ ఫ్రాంచైజీని రద్దు చేసింది, సన్ టీవీ వాళ్లు కొత్త జట్టు తెచ్చారు. అదే సన్‌రైజర్స్. ఊరి పేరు అదే కదా, ఇందులోకి దూకేయొచ్చు కదా అంటారు. దూకలేకపోయా. 1957 సీజన్ అయ్యాక బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టుని మూటాముల్లె కట్టి లాస్ ఏంజెలెస్‌కి తీసుకెళ్లిపోతే, బ్రూక్లిన్ ముసలోళ్లు చచ్చేదాకా ఆ యజమానిని తిట్టుకున్నారట. వాళ్ల జట్టు కనీసం ఎక్కడో ఒకచోట ఆడుతోంది. నాది యూట్యూబ్‌లో తప్ప ఎక్కడా లేదు.

సరే, ఎనిమిదేళ్ల లెక్క ఇంతవరకు బాగానే నడిచింది. ఆళ్లగడ్డ వచ్చేసరికి బోర్లా పడింది.

ఎందుకంటే మా ఆళ్లగడ్డలో నాకు తెలిసిన కుర్రాళ్లలో ఎక్కువమంది బెంగళూరు. ఆ జట్టేమో 2009లో, 2011లో, 2016లో మూడు ఫైనళ్లూ ఓడింది. 2025 దాకా కప్పే లేదు. ఎనిమిదేళ్లప్పుడు గెలుపు చూసి అభిమాని అవుతారంటే, ఈ భూమ్మీద బెంగళూరు ఫ్యాన్ అనేవాడే ఉండకూడదు!

రాతి పని చేసే మా మామ ఒకాయన ఉన్నాడు. విగ్రహానికి కళ్లు తీర్చే పనిలో మంచి చెయ్యి. షెడ్డులో ఫోన్ నిలబెట్టుకుని మ్యాచ్ వింటాడు, చూడడు. చూస్తే ఉలి జారుతుందని. ఆయన్ని అడిగా, ఎందుకు మామా బెంగళూరు అని.

"గెలిచేటోనికి అందరూ ఉంటార్రా. వాడు పద్దెనిమిదేండ్లు ఒకే జట్టుకి ఆడినాడు. కప్పు రాకపాయె, అయినా ఇడిసి పోలా. అట్లాంటోన్ని నేనెట్ల ఇడుస్తా?"

వాడు అంటే కోహ్లీ. ఇక్కడే మన పద్ధతి అమెరికా పద్ధతితో విడిపోతుందనిపిస్తుంది నాకు. మనకి అభిమానం అంటే ముందు మనిషి, తర్వాతే జట్టు. సినిమా హీరోల దగ్గర నేర్చుకున్న విద్య ఇది. నాన్న ఏ హీరో బ్యానర్ కడితే కొడుకూ ఆ హీరో బ్యానరే కట్టే ఇళ్లు మన సీమలో బోలెడు. సినిమా ఫట్టయిందని ఎవరూ హీరోని మార్చరు. పైగా ఫ్లాపు వచ్చినప్పుడే అసలు ఫ్యాన్ ఎవరో తేలేది. ధోనీ సంగతీ అంతే. మా పెద్దన్న చెన్నై ఫ్యాన్ అవడానికి చెన్నై కారణం కాదు, విశాఖపట్నం. 2005 ఏప్రిల్ 5న అక్కడ పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టాడు. అప్పటికి ఐపీఎలే పుట్టలేదు. మూడేళ్ల తర్వాత చెన్నై ఆయన్ని కొంది, ఆయన వెనకే మా అన్న కూడా చెన్నై చేరాడు.

గెలుపు మనిషిని ఎలా అంటిపెట్టుకుంటుందో చెప్పే పాత పరిశోధన ఇంకొకటుంది. 1976లో రాబర్ట్ చాల్దీనీ అనే సైకాలజిస్టు, ఆయన తోటివాళ్లు అమెరికా యూనివర్సిటీల్లో విద్యార్థుల్ని గమనించారు. కాలేజీ ఫుట్‌బాల్ జట్టు గెలిచిన తర్వాతి సోమవారం కాలేజీ పేరున్న బట్టలు వేసుకొచ్చేవాళ్లు ఎక్కువ. మాటల్లోనూ తేడా ఉంది. గెలిస్తే 'మనం గెలిచాం', ఓడితే 'వాళ్లు ఓడారు'. ఇది చదివి మా మామ షెడ్డులో చెవులు రిక్కించి కూర్చున్నా. ఓడిన మర్నాడు కూడా అక్కడ వినపడింది 'మనం ఓడినాం' అనే. చాల్దీనీ గారు ఒకసారి ఆళ్లగడ్డ రావాల్సింది. 1908 తర్వాత 2016లో గానీ కప్పు చూడని షికాగో కబ్స్ అభిమానులైతే మా మామని ఒక్క ముక్క ఇంగ్లీషు లేకుండానే అర్థం చేసుకుంటారు. నూటెనిమిదేళ్లు! మన వాళ్లవి పద్దెనిమిదే.

ఇంకో కారణం కూడా ఉంది, అది బస్సు టికెట్టు. నంద్యాల, ఆళ్లగడ్డ పిల్లలు బీటెక్ అవగానే హైదరాబాద్ ఎంతమంది పోతారో బెంగళూరూ అంతమంది పోతారు. ఒక అన్న పోతే వాడి రూములోకి నలుగురు తమ్ముళ్లు దిగుతారు. పండక్కి ఇంటికి వచ్చేటప్పుడు ఎర్ర జెర్సీ తెస్తారు. ఆ జెర్సీ వేసుకునే తమ్ముడికి ఏడో ఎనిమిదో ఏళ్లుంటాయి. అమెరికా లెక్క కప్పుతో ముడిపడింది, మాది అన్న తెచ్చిన జెర్సీతో.

2025 జూన్ 3 రాత్రి అహ్మదాబాద్‌లో బెంగళూరు పంజాబ్‌ని 6 పరుగులతో ఓడించింది. ఆళ్లగడ్డలో నడిరాత్రి టపాసులు. మామ షెడ్డులో ఫోన్ అలాగే పెట్టి బయటికొచ్చి రోడ్డు మీద కూలబడి ఏడ్చాడని అత్త చెప్పింది. ఆయన మాత్రం ఒప్పుకోడు, కంట్లో దుమ్ము పడిందంటాడు.

మర్నాడు సాయంత్రం సంగతి మీకు తెలుసు. చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో పదకొండు మంది చనిపోయారు. మామ కొడుకు, నా బావమరిది, అప్పుడు బెంగళూరులోనే ఉద్యోగం. ఆఫీసులో హాఫ్ డే పెట్టి స్టేడియానికి బయల్దేరాడు. నాలుగింటి నుంచి ఫోన్ కలవలేదు. టీవీలో రోడ్డు మీద కుప్పగా పడి ఉన్న చెప్పుల్ని చూపిస్తున్నారు. అత్త వాటిల్లో కొడుకు చెప్పుల కోసం వెతుకుతోంది. ఏడున్నరకి వాడు ఎవరి ఫోన్ నుంచో చేశాడు. మెట్రో దిగి జనాన్ని చూసి, గేటు దాకా పోలేక వెనక్కి తిరిగాడట. మామ ఫోన్ తీసుకుని ఏమీ అనలేదు. ఒక్కటే అడిగాడు, "తిన్నావా?" అని.

ఆ తర్వాత రెండు నెలలు షెడ్డులో క్రికెట్ మాట లేదు. జెర్సీ మాత్రం పారేయలేదు. ఉతికి, మడిచి, ట్రంకు పెట్టెలో పెట్టారు.

అభిమానికి ఎదురుగా నిలబెట్టాల్సింది పక్క జట్టు అభిమానిని కాదు, బెట్టింగ్ ఆడేవాణ్ని. ఇది నా గట్టి అభిప్రాయం. నంద్యాలలో నాతో చదివినవాడొకడు ఒకప్పుడు చెన్నై అంటే చెవి కోసుకునేవాడు. డిగ్రీ రెండో ఏడు ఫోన్లో బెట్టింగ్ మరిగాడు. ఒక రాత్రి చెన్నై మ్యాచ్ కలిసి చూస్తూ ఎవరు గెలవాలిరా అని అడిగితే, "ఎవరో ఒకరు పోనీలేరా, ఆరు ఓవర్లకి 52 దాటాల, సెషన్ పెట్టినా" అన్నాడు. ధోనీ బ్యాటింగ్‌కి దిగుతుంటే వాడు స్క్రీన్ కేసి కాదు, యాప్ కేసి చూస్తున్నాడు. ఇంట్లో వడ్లు అమ్మిన డబ్బు ఆ సీజన్లోనే పోయింది. నాన్న తలకొట్టుకున్నాడు, వీడు ఊరొదిలిపోయాడు, ఏడాదికి తిరిగొచ్చాడు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ జూదాన్ని 2020లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద చట్టం తెచ్చింది. వాడికి అవి చాలా ఆలస్యం. ఈమధ్య కలిస్తే పోయిన డబ్బు గురించి ఎక్కువ మాట్లాడలేదు. "మ్యాచ్ చూస్తే ఇప్పుడు ఏమీ అనిపించదురా" అన్నాడు. నాకు అది డబ్బు కంటే పెద్ద నష్టంలా అనిపించింది.

ఇంతకీ ఆ ఎనిమిదేళ్ల లెక్క మగపిల్లలది. ఆడవాళ్లలో అంత స్పష్టంగా కుదరలేదని ఆ పరిశోధకుడే రాశాడు. మా అక్క ఇరవై ఆరేళ్ల దాకా క్రికెట్ వైపు చూడలేదు. ఇంట్లో రిమోట్ తన చేతికి వస్తే గదా! 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ మొదలైంది. 2024 మార్చి 17న స్మృతి మంధాన బెంగళూరుకి కప్పు తెచ్చింది. మగవాళ్ల జట్టు కంటే ఏడాది ముందే! ఆ రోజు మామ షెడ్డుకి స్వీటు డబ్బా పట్టుకెళ్లింది అక్క. "మీవోళ్లకి రాలేదు గానీ మావోళ్లు తెచ్చినారు, తిను" అంది. ఆయన మైసూర్‌పాక్ తిన్నాడు, మాట్లాడలేదు.

ఇప్పుడు ఆళ్లగడ్డలో కొత్త తగువు మొదలైంది. 2025 నవంబర్ 2న భారత్ మహిళల ప్రపంచకప్ గెలిచింది కదా, అందులో 14 వికెట్లు తీసిన శ్రీచరణిది మా పక్క జిల్లా కడప. లీగ్‌లో ఆడేదేమో ఢిల్లీకి. ఎరుపుకి, పసుపుకి, నారింజకి తప్ప చోటు లేని ఇంట్లోకి ఢిల్లీ నీలం ఎలా వస్తుందని మామ గొణుగుతున్నాడు. అక్క కూతురు వినడం లేదు. ఎడమచేత్తో టెన్నిస్ బంతి తిప్పుతూ షెడ్డు గోడకి కొడుతోంది. అది రాయడం, తినడం అంతా కుడిచేత్తోనే. కానీ శ్రీచరణి ఎడమచేత్తో వేస్తుంది కదా!

దానికి మొన్ననే ఎనిమిది నిండాయి.