యంత్రం వద్ద 12 గంటలు, ఇంటివద్ద 156 గంటలు

శ్రీకాకుళం జిల్లాకు ఈశాన్యపు అంచున, సముద్రతీరం వెంబడి పచ్చగా పరచుకున్న ప్రాంతం ఉద్దానం. ఉద్యానమనే మాటే ప్రజల నోట ఉద్దానమైందని పెద్దలంటారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో ఎటు చూసినా కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలే. పలాస జీడిపప్పు ఎరుగని తెలుగు ఇల్లు లేదు. అయితే ఇదే నేల కొన్ని దశాబ్దాలుగా మరొక విషాదానికి కూడా పేరుపడింది. చక్కెర వ్యాధి లేని వ్యవసాయ కూలీలు, రైతులు, వారి ఇళ్లలోని స్త్రీలు కిడ్నీలు పాడై మంచాన పడుతున్నారు. గ్రామగ్రామానా తిరిగి జరిపిన అధ్యయనాలలో వయోజనులలో ఇంచుమించు ప్రతి ఐదుగురిలో ఒకరికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నట్లు తేలింది. వారిలో అత్యధికులకు వైద్యశాస్త్రానికి తెలిసిన కారణమేదీ కనబడలేదు. నీరు, ఎండలో శ్రమ, పురుగుమందులు, వంశపారంపర్యం అంటూ అనుమానాలు ఎన్నో ఉన్నాయి గాని నిర్ధారణ మాత్రం ఇంకా కాలేదు.

ఒకప్పుడు డయాలసిస్ కోసం ఇక్కడి రోగులు సుమారు 200 కిలోమీటర్లు ప్రయాణించి విశాఖపట్నం చేరవలసి వచ్చేది. క్రమంగా సోంపేట, పలాస, టెక్కలి వంటి చోట్ల ప్రభుత్వాసుపత్రులలోనే డయాలసిస్ కేంద్రాలు వెలిశాయి. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను లభిస్తోంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుండి ఉద్దానం గ్రామాలకు మంచినీరు అందించే 700 కోట్ల రూపాయల పథకం కూడా అదే రోజున మొదలైంది. ఇవన్నీ హర్షించదగినవే.

అయినా ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. వారానికి మూడు పర్యాయాలు, ఒక్కొక్కసారి నాలుగు గంటల చొప్పున డయాలసిస్ జరిగిందనుకున్నా రోగి యంత్రం వద్ద గడిపేది 12 గంటలే. వారంలో మిగిలిన 156 గంటలు అతడు ఇంటివారి చేతిలోనే ఉంటాడు. ఏమి తినాలి, ఎంత తాగాలి, ఏ లక్షణం కనబడితే పరుగెత్తాలి అన్నవి తెలియవలసినది అతని తల్లికి, భార్యకు, పిల్లలకు. మరి వారికి ఎవరు చెబుతున్నారు? ఎంత ఓపికగా చెబుతున్నారు? వైద్య నైపుణ్యానికి ఏమాత్రం తీసిపోని ప్రశ్న ఇది. నర్సింగ్ రంగంలో జరిగిన పరిశోధనలు దీనికే జవాబు వెదికాయి.

పరిశోధనలు ఏమి తేల్చాయి?

రోగుల సంరక్షణను లెక్కలతో పరిశీలించే సంప్రదాయం ఫ్లారెన్స్ నైటింగేల్‌తో బలపడింది. 1854లో ఆమె ఇస్తాంబుల్‌లోని ఉస్కుదార్ సైనిక ఆసుపత్రికి వచ్చి, గాయాలకంటే మురికి, అంటురోగాలే ఎక్కువమంది సైనికులను బలిగొంటున్నాయని తరువాత పట్టికలతో, చిత్రపటాలతో నిరూపించారు. ఆనాటి నుండి నర్సు చేసే పని కేవలం చాకిరీ కాదు, ఫలితాన్ని కొలిచి చూడగల విద్య అని లోకం గుర్తించసాగింది.

1979లో నాన్సీ మోల్టర్ అనే అమెరికన్ నర్సు, తీవ్ర అస్వస్థతకు గురైన రోగుల బంధువులను కలిసి మీకు ఏమి కావాలని అడిగారు. నలభై ఐదు అవసరాల జాబితాను వారి ముందు ఉంచారు. కూర్చోవడానికి కుర్చీ, పడుకోవడానికి చోటు మొదటి స్థానంలోకి రాలేదు. ఆశ ఉందన్న భావన తమకు కావాలన్నదే అన్నింటికంటే ముందు నిలిచింది. తమ మనిషిని ఆసుపత్రి సిబ్బంది నిజంగా పట్టించుకుంటున్నారన్న నమ్మకం, అడిగిన ప్రశ్నకు దాపరికం లేని సమాధానం కూడా పై వరుసలోనే ఉన్నాయి. తరువాత పలు దేశాలలో ఇదే జాబితాతో అధ్యయనాలు సాగాయి. బంధువుల తృప్తికి మూలం భవనంలో కాక మాటలో ఉందన్నది వాటి సారాంశం.

2006లో అమెరికాలోని 14 ఆసుపత్రులకు చెందిన 27 వార్డులలో మరొక అధ్యయనం జరిగింది. పిలిచే దాకా ఆగకుండా నర్సులే గంటకోసారి, లేదా రెండు గంటలకోసారి ప్రతి మంచం వద్దకు వెళ్లేవారు. నొప్పి ఉందా, పక్కకు తిప్పాలా, మరుగుదొడ్డికి వెళ్లాలా, నీళ్లు, మందులు చేతికి అందుతున్నాయా అని అడిగేవారు. ఫలితంగా గంట మోగించి పిలవడం తగ్గింది, రోగుల సంతృప్తి పెరిగింది. గంటకోసారి తిరిగిన వార్డులలో రోగులు జారిపడటం కూడా తగ్గింది. అడగకముందే అడిగిన ఆ నాలుగు మాటల వల్ల నర్సుల శ్రమ కూడా తేలికైంది.

నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. 2002లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆసుపత్రులను పరిశీలించిన లిండా ఐకెన్ బృందం, ఒక్కో నర్సుపై ఒక్కో రోగి భారం పెరిగినకొద్దీ శస్త్రచికిత్స రోగులు నెల రోజులలోపు మరణించే అవకాశం 7 శాతం చొప్పున పెరుగుతోందని తేల్చింది. కనుక నర్సు విసుగును ఆమె స్వభావదోషంగా ఎంచే ముందు, ఆమె ఒంటరిగా ఎంతమందిని చూసుకుంటోందో కూడా మనం లెక్కించాలి.

మన దేశంలోనూ ఈ దారిలో ప్రయత్నాలు మొదలయ్యాయి. నూరా హెల్త్ అనే సంస్థ బెంగళూరులో ఆరంభించిన కార్యక్రమంలో, వార్డులోని నర్సులే రోగి బంధువులను కూర్చోబెట్టి ఇంటివద్ద తీసుకోవలసిన జాగ్రత్తలు నేర్పుతారు. అది పలు రాష్ట్రాల ప్రభుత్వాసుపత్రులకు కూడా విస్తరించింది. ఆసుపత్రి ఆవరణలో గంటల తరబడి పనిలేకుండా కూర్చునే ఇంటివారు ఒక భారం కాదనీ, శిక్షణ ఇస్తే వారే సగం బలమనీ దాని వెనుక ఉన్న ఆలోచన.

కొబ్బరినీళ్లు ప్రేమే, కాని...

ఈ పాఠం ఉద్దానానికి ఎంత అవసరమో గ్రహించడానికి ఒక్క కొబ్బరిబొండం చాలు. నీరసించిన మనిషికి బొండం కొట్టి ఇవ్వడం ఈ తోటలలో పుట్టిపెరిగిన వారికి సహజమైన ఆదరణ. కాని కొబ్బరినీళ్లలో పొటాషియం అధికం. ఆరోగ్యవంతుని కిడ్నీలు దాన్ని బయటికి పంపుతాయి. పనిచేయని కిడ్నీలు పంపలేవు. రక్తంలో అది హద్దుమీరితే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోయే ప్రమాదం ఉంది. పనసతొనలు, అరటిపండు కూడా ఈ కోవలోనివే. జీడిపప్పులో ఫాస్ఫరస్ ఎక్కువ. అంటే ఈ నేల ప్రేమతో ఇచ్చే పంటలనే ఈ నేలపై రోగి జాగ్రత్తగా చూడవలసి వస్తోంది. ఈ సంగతి ఎవరూ వివరించకపోతే ఇంటివారి ప్రేమే ప్రాణాంతకం కావచ్చు.

ఉప్పు, నీరు సంగతీ అంతే. తీరప్రాంతంలో ఎండుచేప, ఊరగాయ లేకుండా ముద్ద దిగదు. ఉప్పు దాహాన్ని పెంచుతుంది. తాగిన నీరు మూత్రంగా పోయే దారి లేక ఒంట్లోనే నిలుస్తుంది. ఒక లీటరు నీరు ఒక కిలో బరువు. కాళ్లు ఉబ్బి, చివరకు ఊపిరితిత్తులలోకి నీరు చేరి, రాత్రివేళ పడుకుంటే ఊపిరాడని స్థితి వస్తుంది. రోజూ ఉదయం బరువు చూసి రాసుకునే ఇంటిలో ఈ ప్రమాదం ముందే తెలిసిపోతుంది.

డయాలసిస్ కోసం చేతిలో ఏర్పరచిన ఫిస్టులా రోగికి ప్రాణనాడి వంటిది. ఆ చేతికి రక్తపోటు పట్టీ చుట్టకూడదు, ఆ చేతి నుండి రక్తం తీయనివ్వకూడదు, దానిపై బరువు మోయకూడదు, దాన్ని తలకింద పెట్టుకొని నిద్రించకూడదు. వేలితో తాకితే జుమ్మనే కదలిక రోజూ తెలియాలి. అది ఆగితే ఆలస్యం చేయక కేంద్రానికి వెళ్లాలి. మెడ వద్ద గొట్టం అమర్చి ఉంటే దాన్ని తడవనివ్వకూడదు. చలితో జ్వరం వచ్చిందంటే ఇంటి వైద్యంతో కాలక్షేపం చేయరాదు. ఒంటినొప్పులకు దుకాణంలో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లలు, మిగిలిన కాస్త కిడ్నీ శక్తిని కూడా హరించవచ్చు.

ఆహార నియమాలు అందరికీ ఒక్కటి కావు. జబ్బు తొలిదశలో ఉన్నవారికి వేరు, డయాలసిస్‌లో ఉన్నవారికి వేరు. కనుకనే ఎవరికి వారు వైద్యుణ్ణి, నర్సును అడిగి తెలుసుకోవాలి. చెప్పే పద్ధతికి కూడా ఒక మెరుగైన మార్గాన్ని నర్సింగ్ విద్య చూపింది. చెప్పి వదిలేయక, మీకు అర్థమైనది ఒకసారి మాకు చెప్పండి అని వారి నోటనే పలికించడం. తెలుగుతోపాటు ఒడియా మాట్లాడే ఇళ్లు, ఇంటిలో ఉర్దూ మాట్లాడుకునే ఇళ్లు ఉన్న ఈ సరిహద్దు ప్రాంతంలో ఇది మరీ అవసరం. తల ఊపినంత మాత్రాన అర్థమైనట్లు కాదు.

మన ధర్మం, మన బాధ్యత

శ్రీకాకుళం జిల్లా జనాభాలో ముస్లిములు ఒక శాతం కూడా లేరు. అయినా రోగం మతం చూసి రాదు, సేవ కూడా మతం చూడరాదు. మహాప్రవక్త ముహమ్మద్ (స) కాలంలోనే మదీనాలో హజ్రత్ రుఫైదా (ర.అన్హా) గాయపడినవారికి గుడారంలో చికిత్స చేసేవారు. కందక యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (ర.అ)ను ఆ గుడారంలోనే ఉంచారు. ప్రవక్త (స) స్వయంగా వెళ్లి ఆయనను పలకరించేవారు. చికిత్సకు పలకరింపు తోడైన ఆ దృశ్యం మనకు ఆదర్శం. తరువాతి కాలంలో 1284లో కైరోలో నెలకొన్న మన్సూరీ ఆసుపత్రిలో స్త్రీలకు, పురుషులకు వేర్వేరు విభాగాలు ఉండేవి. దాని ఖర్చును వక్ఫ్ ఆస్తులు భరించేవి.

రోగిని పరామర్శించడం మన ధర్మం నేర్పిన హక్కులలో ఒకటి. కాని పరామర్శకూ ఒక మర్యాద ఉంది. పదిమంది మంచం చుట్టూ మూగడం, చేతిలో పండ్ల బుట్టతో వెళ్లడం, ఫలానావారు ఇదే జబ్బుతో పోయారని రోగి ఎదుటే చెప్పడం పరామర్శ కాదు. కొద్దిసేపు కూర్చొని, దుఆ చేసి, ఆశ కలిగించే మాట చెప్పి, ఇంటివారికి డబ్బు గాని, ప్రయాణపు తోడు గాని కావాలేమో అడిగి రావడం పరామర్శ.

రమజాన్ మాసంలో ఈ రోగుల మనోవేదన చెప్పనలవి కాదు. జీవితమంతా ఉపవాసాలు పాటించినవారు ఇప్పుడు ఎలా మానాలని తపించిపోతారు. రోగికి సడలింపు దివ్యఖుర్ఆన్ అల్ బఖరా సూరాలోనే ఉంది. కోలుకొని తిరిగి ఉపవాసాలు పూర్తిచేసే అవకాశం లేనివారు రోజుకొక పేదవానికి భోజనం పెట్టి ఫిద్యా చెల్లించవచ్చని ధర్మవేత్తలు తెలిపారు. అల్లాహ్ ఇచ్చిన సడలింపును స్వీకరించడం విశ్వాసలోపం కాదు. ఇఫ్తార్ విందుకు పిలిచేవారు ఖర్జూరాలలో కూడా పొటాషియం అధికమని గుర్తుంచుకోవాలి. మెడ వద్ద గొట్టం ఉన్నవారు వుజూ, గుస్ల్ విషయంలోనూ, లేవలేనివారు నమాజు విషయంలోనూ ఇమాములను సంప్రదిస్తే షరీఅత్ చూపిన సులువు మార్గాలు తెలుస్తాయి. ఆసుపత్రి సిబ్బంది కూడా ఒక మాట అడిగి తెలుసుకుంటే మేలు: నమాజు వేళ ఏది, స్త్రీ రోగికి మహిళా నర్సు కావాలా, పరదాకు ఏ ఏర్పాటు చేయాలి అని. ఈ చిన్న ప్రశ్నలకు ఖర్చేమీ ఉండదు. రోగి గౌరవం మాత్రం నిలుస్తుంది.

ప్రతి కుటుంబం ఈ పనులు ఈరోజే ప్రారంభించవచ్చు. ఒక చిన్న పుస్తకంలో రోగి బరువు, రక్తపోటు, మందుల పేర్లు రాసి, ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ వెంట తీసుకెళ్లాలి. అడగవలసిన ప్రశ్నలు ముందే రాసుకోవాలి. రోజుకొకరు మారకుండా ఒకరో ఇద్దరో బాధ్యులుగా ఉండి సిబ్బందితో మాట్లాడాలి. తోడుగా ఉన్న స్త్రీ తిన్నదా, నిద్రపోయిందా అని కూడా ఎవరైనా అడగాలి. సిస్టరును చెల్లెలుగా గౌరవించాలి. కోపం వచ్చినా గొంతు పెంచక, లోపం ఉంటే అధికారికి రాతపూర్వకంగా తెలియజేయాలి. మస్జిద్ కమిటీలు, సేవా సంస్థలు నెలకొకసారి ఒక నర్సును ఆహ్వానించి, అన్ని మతాల కుటుంబాలనూ పిలిచి, పథ్యం, పరిశుభ్రత గురించి చెప్పించవచ్చు. మన ఆడపిల్లలలో నర్సింగ్ చదవాలనే ఆసక్తి ఉన్నవారిని చిన్నచూపు చూడక ప్రోత్సహించాలి. అది రుఫైదా (ర.అన్హా) నడిచిన బాట.

ఉద్దానం జబ్బుకు మూలం ఏమిటో శాస్త్రవేత్తలు తేల్చే రోజు త్వరగా రావాలని ఆశిద్దాం. ఆ రోజు వచ్చేదాకా వారానికి 156 గంటలు మాత్రం మన చేతిలోనే ఉన్నాయి. రోగి మనకు అల్లాహ్ అప్పగించిన అమానత్. తెలిసినదానితో, తెలుసుకున్నదానితో ఆ అమానత్‌ను కాపాడుదాం. రోగులందరికీ స్వస్థతను, సేవకులందరికీ సహనాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.